ఆల్బట్రాస్‌ను చంపుతున్న చిట్టెలుకలు: గాఫ్ దీవిలో అసలేం జరుగుతోంది?

పది కిలోల పక్షిపిల్లను ముప్పై, నలభై గ్రాముల చిట్టెలుక తినడమేమిటి? దక్షిణ అట్లాంటిక్‌లోని గాఫ్ దీవి గురించి మొదటిసారి విన్నవాళ్లకు వచ్చే అనుమానం ఇదే. ఆ వెంటే ఇంకో సంగతి తెలుస్తుంది: పక్షుల్ని కాపాడటానికని ఆ దీవి అంతటా హెలికాప్టర్లతో విషం చల్లారని. ఆ తర్వాత మూడోది: అంత చేసినా ఎలుకలు మళ్లీ కనిపించాయని. విడివిడిగా వింటే ఈ మూడూ తలాతోకా లేని కబుర్లలా ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ప్రతిదానికీ కారణం దొరుకుతుంది. ఆ కారణాల్లో చాలామటుకు ఎలుకలో లేవు, పక్షి బతికే తీరులో ఉన్నాయి. అందుకే పక్షితోనే మొదలుపెడదాం.

పక్షి ఏది, దీవి ఎక్కడ

పక్షి పేరు ట్రిస్టన్ ఆల్బట్రాస్. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు మూడు మీటర్ల దాకా ఉంటుంది. వాండరింగ్ ఆల్బట్రాస్‌కు దగ్గరి చుట్టం. దానికంటే కాస్త చిన్నది, రంగు కాస్త ముదురు. సముద్రం మీద ఎగురుతున్నప్పుడు ఈ రెంటినీ వేరుచేసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. తిండి అంతా సముద్రంలోనే. అటు దక్షిణ అమెరికా తీరం నుంచి ఇటు ఆఫ్రికా దక్షిణ తీరం దాకా గాలివాటుగా తిరుగుతుంది. నేల మీదికి వచ్చేది గుడ్డు పెట్టడానికీ, పిల్లను సాకడానికీ మాత్రమే.

ఆ నేల దాదాపుగా ఒక్కటే: గాఫ్ దీవి. బ్రిటన్ పాలనలోని ట్రిస్టన్ డా కున్యా దీవుల్లో భాగం. కేప్‌టౌన్ నుంచి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరం. వైశాల్యం సుమారు 65 చదరపు కిలోమీటర్లు. అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి కాబట్టి అంచుల్లో నిట్టనిలువు కొండచరియలు, మధ్యలో 910 మీటర్ల ఎత్తు దాకా శిఖరాలు, వాటి నడుమ ఎప్పుడూ తడిగా ఉండే పచ్చిక మైదానాలు. స్థిరంగా కాపురముండే మనుషులు లేరు. దక్షిణాఫ్రికా 1956 నుంచి ఇక్కడ ఒక వాతావరణ కేంద్రం నడుపుతోంది. అందులో పనిచేసే కొద్దిమందికి సరుకులు తెచ్చే ఓడ ఏడాదికోసారి వస్తుంది. 1995లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ట్రిస్టన్ ఆల్బట్రాస్ ఒకప్పుడు ట్రిస్టన్ ప్రధాన దీవిలోనూ గూళ్లు పెట్టేది. మనుషులు స్థిరపడ్డాక అక్కడ కనుమరుగైంది. ఇనాక్సెసిబుల్ అనే పక్క దీవిలో ఒకటి రెండు జంటలు తప్ప, ఇప్పుడు జాతి మొత్తం గాఫ్ మీదే ఆధారపడి ఉంది. ఏటా అక్కడ గుడ్డు పెట్టే జంటలు రెండు వేల లోపే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది ‘అత్యంత ప్రమాదంలో ఉన్న’ జాతి. అంటే అంతరించడానికి ఒక్క మెట్టు ఇవతల.

రెండేళ్లకు ఒక్క పిల్ల

జనవరి ప్రాంతంలో ఆడపక్షి మట్టి, గడ్డి, పీచు కుప్పగా పేర్చిన గూటి మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. రెండున్నర నెలల దాకా తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పిల్ల బయటికొచ్చాక మరికొన్ని వారాలు ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఆ తర్వాత పిల్ల ఆకలి తీర్చాలంటే ఇద్దరూ వేటకు వెళ్లక తప్పదు. వందల కిలోమీటర్లు తిరిగి, కొన్ని రోజులకోసారి వచ్చి మేత పెట్టి పోతాయి. దక్షిణార్ధగోళపు చలికాలమంతా, అంటే మే నుంచి సెప్టెంబరు దాకా, పిల్ల ఆ గూటి మీద ఒంటరిగా, కదలకుండా కూర్చుని ఉంటుంది. వాన, మంచు, ఈదురుగాలి అన్నీ దాని మీదుగానే పోతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో గానీ రెక్కలు కట్టి ఎగరదు.

పిల్లను పెంచడానికే దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి, పెంపకం సఫలమైన జంట మరుసటి ఏడాది గుడ్డు పెట్టదు. అంటే రెండేళ్లకు ఒక్క పిల్ల. పైగా ఆ పిల్ల తిరిగొచ్చి తన తొలి గుడ్డు పెట్టడానికి ఎనిమిది, పదేళ్లు కావాలి. ఇంత నిదానంగా సాగే జాతి బతికి బట్టకట్టడానికి రెండు షరతులు ఉన్నాయి. పెద్ద పక్షులు దశాబ్దాల పాటు బతకాలి. పెట్టిన గుడ్లలో చాలావరకు పిల్లలై ఎగిరిపోవాలి. గాఫ్ దీవిలో ఇప్పుడు ఈ రెండూ దెబ్బతిన్నాయి.

ఎలుక ఎలా చంపుతుంది, పిల్ల ఎందుకు పారిపోదు

ఇక్కడ చెబుతున్నది ఇళ్లలో తిరిగే మామూలు చిట్టెలుక గురించే. 19వ శతాబ్దంలో సీల్ జంతువుల్ని వేటాడటానికి వచ్చిన ఓడల్లో దీవికి చేరింది. వేసవిలో గింజలు, పురుగులు, వానపాములు దొరికినంతకాలం దాని గోల దానిది. చలికాలంలో అవి తరిగిపోతాయి. సరిగ్గా అప్పుడే దీవి నిండా కదలని పక్షిపిల్లలు ఉంటాయి. కొవ్వు పట్టి, ఒంటరిగా.

చాలాకాలం ఎవరూ నమ్మలేదు. పిల్లలు ఎందుకో చచ్చిపోతున్నాయని తెలుసు. జబ్బు కావచ్చని, తిండి చాలకపోవడం కావచ్చని అనుకున్నారు. 2004లో రాత్రిపూట గూళ్ల దగ్గర కెమెరాలు పెట్టి చిత్రీకరించాక అనుమానం తీరింది. ఆ దృశ్యాలు చూడటం తేలిక కాదు. ఎలుక వెనక వైపు నుంచి వచ్చి పిల్ల నడుము మీదా, తోక మొదట్లోనూ కొరకడం మొదలుపెడుతుంది. గాయం తెరుచుకున్నాక ఇంకొన్ని వస్తాయి. ఒక్కో పిల్ల మీద పది దాకా చేరిన సందర్భాలున్నాయి. రాత్రి తిని, పొద్దున పోయి, మళ్లీ రాత్రికి వస్తాయి. ఒక్క కాటుతో పోయే ప్రాణం కాదు. కొన్ని రాత్రుల పాటు కొంచెం కొంచెంగా పోతుంది. ఈలోగా తల్లో తండ్రో వచ్చి, గాయం పక్కనే నిలబడి, ఎప్పటిలాగే మేత పెట్టి వెళ్లిపోవచ్చు కూడా.

పిల్ల లేచి పోవచ్చు కదా, ముక్కుతో పొడవచ్చు కదా అనిపిస్తుంది. దానికి ముక్కు టకటకలాడించి బెదిరించడం తెలుసు. ఆకాశం నుంచి దిగే స్కువా లాంటి పక్షి ఎదుట అది పనికొస్తుంది. నేల మీద పాకుతూ వెనక నుంచి వచ్చే పాలిచ్చే జంతువు మాత్రం దాని జాతి చరిత్రలోనే లేదు. ప్రమాదమంటే ఏమిటో గుర్తుపట్టే ప్రవర్తన పుట్టుకతో రావాలి. వేటాడే జంతువులు లేని దీవిలో తరతరాలుగా ఆ అవసరమే పడలేదు. గూడు వదిలిన పిల్లను తల్లిదండ్రులు వెతుక్కుని మేపవు కాబట్టి, కదలకుండా ఉండటమే దానికి బతుకు. ఇన్నాళ్లూ కాపాడిన అలవాటే ఇప్పుడు ప్రాణం తీస్తోంది.

మరి చిట్టెలుకలు ప్రపంచంలో లెక్కలేనన్ని దీవుల్లో ఉన్నాయి కదా, అన్నిచోట్లా ఇలా ఎందుకు జరగలేదు? చాలా దీవుల్లో చిట్టెలుకతో పాటు పెద్ద ఎలుకలో పిల్లులో కూడా దిగాయి. అవి దాన్ని తినో, దాని తిండి లాక్కునో అదుపులో ఉంచాయి. అందుకే సంరక్షకులు దశాబ్దాల పాటు చిట్టెలుకను పెద్దగా పట్టించుకోలేదు. దీవిలో మరో పాలిచ్చే వేటజంతువు లేకుండా అదొక్కటే ఉన్నప్పుడు కథ మారుతుంది. పోటీ ఉండదు, భయం ఉండదు, సంఖ్య పెరుగుతుంది, ఒళ్లూ పెరుగుతుంది. గాఫ్ ఎలుకలు ప్రపంచంలోని అతిపెద్ద చిట్టెలుకల్లో ఉన్నాయి.

నష్టం ఆల్బట్రాస్‌తో ఆగదు. బొరియల్లో గుడ్లు పెట్టే పెట్రెల్, ప్రియాన్ జాతి పక్షులు ఇంకా ఎక్కువ పోతున్నాయి. బొరియలో జరిగేది కంటికి కనిపించదంతే. 2018లో వెలువడిన అంచనా ప్రకారం ఎలుకల వల్ల గాఫ్‌లో ఏటా పోతున్న గుడ్లు, పిల్లలు కలిపి ఇరవై లక్షల దాకా ఉంటాయి.

గూళ్ల సంఖ్య ఎందుకు మభ్యపెడుతుంది

పరిశోధకులు జనవరిలో గుడ్డు మీద కూర్చున్న పక్షుల్ని లెక్కపెడతారు. చలికాలం చివర, సెప్టెంబరులో, మిగిలిన పిల్లల్ని లెక్కపెడతారు. 2014లో జనవరి లెక్క దాదాపు 1,700 గూళ్లు. చివరికి మిగిలిన పిల్లలు 163. అంటే పదింట ఒకటి. అన్ని ఏళ్లూ ఇంత ఘోరంగా ఉండవు. అయినా ఇదే తరహా ఇతర పెద్ద ఆల్బట్రాస్‌లు ఎలుకల్లేని దీవుల్లో సాధించే దానికి గాఫ్ సరాసరి చాలా దూరంలో ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పిల్ల దక్కిన జంట మరుసటి ఏడాది విశ్రాంతి తీసుకుంటుంది; పిల్లను పోగొట్టుకున్న జంట మరుసటి ఏడాదే మళ్లీ గుడ్డు పెట్టగలదు. ఉదాహరణకు వంద జంటలున్న కాలనీ అనుకుందాం. అందరి పిల్లలూ దక్కితే సరాసరిన ఏటా యాభై గూళ్లే కనిపిస్తాయి. అందరి పిల్లలూ చస్తే ఏటా వంద దాకా కనిపించవచ్చు. అంటే పరిస్థితి విషమించే కొద్దీ జనవరి లెక్క పెరుగుతుంది! గూళ్లు నిండుగా ఉన్నాయి కదా, ప్రమాదమేముంది అనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. జవాబు ఇదే. ఆ గూళ్ల మీద కూర్చున్నవి చాలాకాలం బతికే పెద్ద పక్షులు. వాటి వెనక రావాల్సిన తరం రావడం లేదన్న సంగతి అవి ముసలివై పోయేదాకా లెక్కకు అందదు.

నేల మీది చావు, సముద్రంలోని చావు

కష్టం ఎలుకలతోనే కాదు. ట్యూనా, స్వోర్డ్‌ఫిష్ కోసం పడవలు కిలోమీటర్ల కొద్దీ పొడవుండే తాడుకు వేల గాలాలు కట్టి వదులుతాయి. దీన్ని లాంగ్‌లైన్ వేట అంటారు. ఎర ఇంకా మునగకముందే ఆల్బట్రాస్ దాన్ని అందుకోబోయి గాలానికి చిక్కుకుని నీట మునిగిపోతుంది. ఇలా పోయేవి ఎక్కువగా ఎగిరే వయసు వచ్చిన పక్షులు. గూట్లో పిల్ల చావడం, పెద్ద పక్షి చావడం ఒకే రకం నష్టం కాదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కింది అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే గానీ కొలిచినవి కావు. పిల్ల పోయిన ఏడాది వెంటనే మళ్లీ ప్రయత్నించడం లాంటి మెలికల్ని పక్కన పెట్టాను.

పెద్ద పక్షుల్లో ఏటా 5 శాతం చనిపోతాయనుకుందాం. అప్పుడు గుడ్లు పెట్టే జీవితం సరాసరి 20 ఏళ్లు. రెండేళ్లకోసారి చొప్పున 10 ప్రయత్నాలు. అందులో 70 శాతం ఫలిస్తే 7 పిల్లలు ఎగురుతాయి. వాటిలో 30 శాతం గుడ్డు పెట్టే వయసు దాకా బతికితే, తల్లిదండ్రుల స్థానంలోకి రెండు పక్షులు వస్తాయి. జాతి ఉన్నచోట నిలబడుతుంది.

ఇప్పుడు ఎలుకల్ని చేర్చండి. ఫలించే ప్రయత్నాలు 70 నుంచి 30 శాతానికి పడ్డాయి. 10 ప్రయత్నాల్లో 3 పిల్లలు. పెద్దవయ్యేది ఒకటి కూడా నిండుగా కాదు. రెండు పక్షులు పోతే ఒకటే వస్తుంది. తరం తరానికీ సగం.

ఎలుకల్ని తీసేసి గాలాల్ని చేర్చండి. పెద్దవాటి మరణాలు ఏటా 5 నుంచి 8 శాతానికి పెరిగాయి. కేవలం మూడు శాతం తేడా! కానీ సరాసరి జీవితం పన్నెండున్నర ఏళ్లకు పడిపోతుంది. ప్రయత్నాలు ఆరు, పిల్లలు నాలుగు, పెద్దవయ్యేవి ఒకటీ పావు. ఎలుక ఒక్కటీ లేకపోయినా జాతి తరిగిపోతుంది.

కాబట్టి ఏది ముఖ్యమనే వాదనకు అర్థం లేదు. తేడా పరిష్కారంలో ఉంది. సముద్రంలో చేయాల్సింది ఏటా, ప్రతి పడవా చేయాలి. రాత్రిపూట మాత్రమే గాలాలు వేయడం, తాడుకు బరువులు కట్టి త్వరగా మునిగేలా చూడటం, పక్షుల్ని దూరం తోలే రంగు పీలికల తాళ్లు పడవ వెనక వేలాడదీయడం. ఈ మూడూ కలిపి పాటించినచోట పక్షుల చావులు బాగా తగ్గాయి. ట్రిస్టన్ ప్రభుత్వం 2020లో తన చుట్టూ ఆరు లక్షల ఎనభై వేల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ప్రధాన దీవిలో ఉండేది రెండు వందల పైచిలుకు జనం, వాళ్ల ఆదాయం ఎక్కువగా లాబ్‌స్టర్ వేట మీద. అలాంటివాళ్లు తీసుకున్న నిర్ణయంగా చూస్తే ఇది చాలా పెద్దది. అయినా ఆల్బట్రాస్ ఆ హద్దు దాటి ఏ దేశానికీ చెందని జలాల్లోకి పోతుంది. అక్కడ నిఘా అంతంతమాత్రం. నేల మీద పని అలా కాదు. ఒక్కసారి పూర్తిగా చేయగలిగితే అయిపోతుంది. అందుకే అంత ఖర్చుకూ, అంత సాహసానికీ సిద్ధపడ్డారు.

నియంత్రణ వేరు, నిర్మూలన వేరు

ఎలుకల సంఖ్య తగ్గిస్తూ ఉండటం నియంత్రణ. చివరి ఎలుక దాకా లేకుండా చేయడం నిర్మూలన. గాఫ్ లాంటి చోట మొదటిది ఎంతో కాలం నిలవదు. గర్భం ఇరవై రోజులు, ఈతకు అయిదారు పిల్లలు, రెండు నెలలు తిరక్కుండా ఆ పిల్లలకు పిల్లలు. దీవిలో పది లక్షల ఎలుకలు ఉన్నాయనుకుంటే, 99.99 శాతం చచ్చినా వంద మిగులుతాయి. కొద్ది ఏళ్లలో మళ్లీ మొదటికే.

పెద్ద ఎలుక కంటే చిట్టెలుకను నిర్మూలించడం కష్టం కావడానికి కారణం దాని తిరుగుడు తక్కువ కావడం. పెద్ద ఎలుక విశాలంగా తిరుగుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట ఎర దొరుకుతుంది. చిట్టెలుక కొన్ని మీటర్ల పరిధిలోనే జీవితం గడిపేయగలదు. కొండచరియ మీద చిన్న చీలికంత ఎర పడని చోటు మిగిలినా, అక్కడి కుటుంబం బతికిపోతుంది. పైగా నిట్టనిలువు చరియ పటంలో సన్నని గీతలా కనిపిస్తుంది; నిజంగా కొలిస్తే ఎంతో విస్తీర్ణం.

బ్రిటన్‌కు చెందిన పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ, ట్రిస్టన్ ప్రభుత్వం కలిసి 2020లో చేయాల్సిన ఈ పని కోవిడ్ వల్ల ఏడాది ఆగింది. 2021 చలికాలంలో హెలికాప్టర్లు దీవి అంతటా బ్రోడిఫాకూమ్ అనే విషం కలిపిన ధాన్యపు గుళికలు చల్లాయి. చలికాలమే ఎందుకంటే అప్పుడు ఎలుకలు ఆకలి మీద ఉంటాయి, ఈతలు తగ్గుతాయి. చాలా సముద్రపక్షులు అప్పటికి దీవి వదిలి ఉంటాయి. గాఫ్‌లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేని ఎగరలేని గాఫ్ మూర్‌హెన్, గాఫ్ బంటింగ్ అనే రెండు నేల పక్షుల్ని ముందే పట్టి, పంజరాల్లో సాకి, ముప్పు తగ్గాక వదిలారు.

కొన్ని నెలలు ఎలుక జాడ లేదు. డిసెంబరులో ఒక కెమెరాలో ఒక ఎలుక పడింది. ఆ తర్వాత ఇంకొన్ని. నిర్మూలన విఫలమైందని తేలిపోయింది. అయితే ఎలుకలు దాదాపు లేని ఆ కొద్ది కాలంలో పిల్లలు దక్కిన తీరు బాగా మెరుగుపడింది. వైఫల్యమే అయినా, ఎలుకలు పోతే పక్షులు కోలుకుంటాయా అన్న ప్రశ్నకు దీవే సమాధానం చెప్పింది.

విషం మీద అభ్యంతరాలు

బ్రోడిఫాకూమ్ రక్తం గడ్డకట్టే ప్రక్రియను ఆపేస్తుంది. తిన్న కొన్ని రోజులకు లోపలి రక్తస్రావంతో ఎలుక చస్తుంది. ఈ ఆలస్యం కావాలనే ఎంచుకున్నది. తిన్న వెంటనే నొప్పి వస్తే ఎలుకలు ఆ గుళికను గుర్తుపెట్టుకుని మానేస్తాయి. ఆ కొన్ని రోజులూ ఎలుకకు బాధే. దాన్ని కాదనడం నిజాయితీ కాదు. చచ్చిన ఎలుకల్ని తిన్న స్కువాలు వంటివీ పోతాయి. ‘మనిషి చేసిన తప్పుకు ఎలుకకు శిక్షా?’ అని జంతు సంక్షేమం వైపు నుంచి అడిగేవాళ్ల ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

ఇవతలి వాదన: ఏమీ చేయకపోయినా బాధ ఆగదు. అది ఏటా లక్షల పక్షిపిల్లల మీద, రాత్రుల తరబడి కొనసాగుతుంది. స్కువాల సంఖ్య కొన్నేళ్లలో కోలుకోగలదు. అంతరించిన జాతి తిరిగి రాదు. నాకు ఈ వాదనే బలంగా కనిపిస్తుంది. ఒక షరతు మీద మాత్రం: పని నిజంగా పూర్తవుతుందన్న సహేతుకమైన నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేకుండా అయిదేళ్లకోసారి చల్లుతూ పోతే, బాధ రెండు వైపులా మిగులుతుంది.

నమ్మకానికి ఆధారాలు ఉన్నాయి. న్యూజిలాండ్‌కు చెందిన యాంటిపోడీస్ దీవిలో 2016లో ఇదే పద్ధతిలో విషం చల్లారు. 2018లో చిట్టెలుకలు పూర్తిగా పోయాయని ప్రకటించారు. ఆస్ట్రేలియాకు చెందిన, గాఫ్‌కు దాదాపు రెట్టింపు ఉన్న మక్వారీ దీవిలో ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు మూడూ పోయినట్టు 2014లో తేలింది.

విషం బదులు పిల్లుల్ని వదిలితే సరిపోదా అన్నవాళ్లకు మారియన్ దీవి ఉదాహరణ చాలు. దక్షిణాఫ్రికాకు చెందిన ఆ దీవిలోని వాతావరణ కేంద్రంలో ఎలుకల బెడద తగ్గించడానికి 1949లో అయిదు పిల్లుల్ని తెచ్చారు. 1970ల నాటికి అవి వేలయ్యాయి. ఎలుకల కంటే తేలిగ్గా దొరికే సముద్రపక్షుల్ని ఏటా లక్షల్లో తినసాగాయి. వాటిని వదిలించుకోవడానికి 1991 దాకా పట్టింది. ఎలుకలు అక్కడే ఉన్నాయి. వాతావరణం వేడెక్కే కొద్దీ వాటి ఈతల కాలం పెరిగింది. 2003లో పిల్లల మీద మొదలైన దాడులు 2023 నాటికి పెద్ద వాండరింగ్ ఆల్బట్రాస్‌లను చంపేదాకా వచ్చాయి. గాఫ్‌లోనూ 2018లో ఒక పెద్ద పక్షి ఇలాగే పోయింది. పై లెక్క గుర్తుంటే, ఎలుక పక్షిపిల్లను వదిలి పెద్ద పక్షి మీదికి రావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ ప్రయత్నించే ముందు తేలాల్సినవి

గాఫ్‌లో ఎక్కడ తప్పింది? ఎర పడని చోటు మిగిలిందా? పడినా ఎలుకలు తినేలోగా అయిపోయిందా? దీవికి బయటినుంచి వచ్చిన స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) కూడా ఆ గుళికల్ని ఇష్టంగా తింటాయి. పల్లపు ప్రాంతాల్లో అవే ఎరను ఖాళీ చేసి ఉండవచ్చన్నది ఒక అభిప్రాయం. వేరే తిండి దొరికి కొన్ని ఎలుకలు గుళికల జోలికే పోలేదన్నది ఇంకొకటి. రెండో దానికి కాలం మార్చుకోవాలి, మొదటిదానికి మోతాదు పెంచాలి. కారణం తప్పుగా ఊహిస్తే, రెండోసారి చేసిన ఖర్చూ రెండోసారి చంపిన స్కువాలూ కూడా వృథా.

దక్షిణాఫ్రికా మారియన్‌లో ఇదే పనికి సిద్ధమవుతోంది. ఆ దీవి గాఫ్ కంటే నాలుగు రెట్లకు పైగా పెద్దది. చిట్టెలుకల కోసం ఇప్పటిదాకా ఎక్కడా ఇంత పెద్ద దీవి మీద ఈ పద్ధతి నెగ్గలేదు. నిధుల సేకరణ వల్లా, సన్నాహాల వల్లా తేదీలు వాయిదా పడుతున్నాయి. ఆలస్యం చేసే కొద్దీ పక్షులు పోతాయి, తొందరపడితే గాఫ్ మళ్లీ జరగవచ్చు. హెలికాప్టర్ ఎగరేముందు చరియల అసలు విస్తీర్ణం ఎంతో కొలవడం, స్లగ్స్ ఎంత తింటాయో ముందే పరీక్షించడం లాంటి పనులు వార్తల్లోకి రావు గానీ, ఫలితాన్ని తేల్చేవి అవే.